దొరసానమ్మకు ఒక గలాటా కావలసి వచ్చింది

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా, "మేడమ్, ఎక్స్‌పాట్ మేనేజ్‌మెంట్‌లో మీ అనుభవాలు రాయండి" అంటున్నారు. మా కాలంలో దీనికి అంత పెద్ద పేరు లేదు. "దొరల పని" అనేవాళ్ళు. హోసూరులో మా ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి బయటి దేశాల ఇంజనీర్లు వచ్చి ఏడాదో రెండేళ్ళో ఉండేవాళ్ళు. వాళ్ళకు ఇల్లు చూడాలి, మంచాలు కొనాలి, గ్యాసు పెట్టించాలి, గోడ మీద బల్లి కనబడితే వెళ్ళి అది కరవదని చెప్పాలి. తొంభైల మధ్యలో చేరింది మొదలు నేను చేసిన ఉద్యోగం ఇదే. మధ్యలో కొన్ని ప్రమోషన్లు వచ్చాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ప్రతిసారీ కుర్చీ మారింది, బల్లి మారలేదు.

అందుకని ఆ ప్రమోషన్ల సంగతి వదిలేసి, నాకు ఈ పని నేర్పిన ఒక్క తప్పు గురించి రాస్తాను. తప్పు నాదే. నేర్పింది మాత్రం వేరేవాళ్ళు.

నన్నెందుకు తీసుకున్నారంటే

మా నాన్నకు కృష్ణగిరిలో పాత్రల అంగడి ఉండేది. నేను నడక నేర్చింది స్టీలు బిందెల మధ్య. పడితే ఏడుపు కన్నా ముందు బిందె మోగేది, నాన్న బిందెకు సొట్ట పడిందేమో చూసి తర్వాత నన్ను చూసేవాడు. గిరాకీ వచ్చినప్పుడు ముఖం చూడొద్దు, పాదాలు చూడు అనేవాడు. నోరు "వద్దు" అంటున్నా పాదాలు అంగడిలోపలికి తిరిగి ఉంటే ధర దించనక్కర లేదట. ఈ చదువుతోనే నేను ఉద్యోగానికి పోయాను.

ఇంటర్వ్యూ చేసింది అనంతయ్య సార్. అడ్మినిస్ట్రేషన్‌కు పెద్ద. జీతం ఎంతో చెప్పారు. నేను నవ్వి, నమస్కారం పెట్టి, లేచి తలుపు వైపు నడిచాను. మా బజారులో అలా నడిస్తే మూడో అడుగుకు వెనక్కి పిలవాలి. ఆయన పిలవలేదు. నాలుగు, అయిదు, ఆరు అడుగులు కూడా అయిపోయాయి. కారిడార్‌లో నిలబడి చూసుకుంటే గొడుగు లోపలే మరిచిపోయాను. గొడుగు కోసం తిరిగిపోయి, అదే జీతానికి ఒప్పుకుని బయటికి వచ్చాను. తర్వాత తెలిసింది, ఆయన నా పాదాలు చూశారట.

ఆయన మంచి మనిషి. కానీ ఆయన నమ్మిన సూత్రం ఒకటి ఉండేది: "కంప్లైంట్ రాకపోతే పని జరిగినట్టు." నేను అయిదు నెలల పాటు దాన్ని వేదంగా పట్టుకున్నాను. అందులో తిరకాసేమిటంటే, కంప్లైంట్ చెప్పుకోవడానికి మనిషి దొరకనివాళ్ళు కూడా కంప్లైంట్ చేయరు.

నా ఘనకార్యం

జర్మనీ నుంచి యూర్గెన్ అనే ఇంజనీరు వచ్చాడు. వెంట భార్య ఇంగ్రిడ్. ఆమె ఆరడుగులకు అంగుళమో రెండంగుళాలో తక్కువ. వీధి మొత్తం ఆమెకు "దొరసానమ్మ" అని మొదటి గంటలోనే పేరు పెట్టేసింది. యూర్గెన్ పొద్దున ఆరున్నరకు ఫ్యాక్టరీకి పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. మిగిలిన పగలంతా ఇంగ్రిడ్‌ది.

వాళ్ళకన్నా ముందే జర్మనీ నుంచి మా ఆఫీసుకు ఒక చిన్న పుస్తకం వచ్చింది, మనం వాళ్ళను ఎలా చూసుకోవాలో చెప్పేది. అందులో ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: "వచ్చినవారి ఏకాంతాన్ని గౌరవించండి." అనంతయ్య సార్ దాని కింద ఇంకో గీత గీశారు. నేను మూడోది గీశాను.

ఇప్పుడు ఆ వీధి సంగతి చెప్పాలి, మా ఇల్లూ అక్కడే. అక్కడ సగం ఇళ్ళలో మగవాళ్ళు పొద్దున్నే బస్సెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్ళు, మా ఆయనతో సహా. నిద్ర తమిళనాడులో, పని కర్ణాటకలో, అత్తగారిల్లు ఆంధ్రాలో. మగవాళ్ళు సరిహద్దు దాటగానే వీధి ఆడవాళ్ళది అయ్యేది. లెక్కకు తమిళం, మర్యాదకు కన్నడం, తిట్టుకు తెలుగు. తలుపు తెరిచి ఉంటే లోపలికి రావడానికి పిలుపు అక్కర్లేదు. పొయ్యి మీదేముందో మూత తీసి చూసి, ఉప్పు చాలలేదని చెప్పి పోయేవాళ్ళు.

అలాంటి వీధిలో ఏకాంతం తయారు చేయడం అంటే మాటలా? నేను చేశాను. వాచ్‌మన్ ఎల్లప్పకు కట్టె ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టాను. ఇల్లిల్లూ తిరిగి, "దొరసానమ్మకు మనుషులంటే పడదు, ఎవరూ పోవద్దు" అని చెప్పాను. గంపలో కూరగాయలు పెట్టుకుని వీధుల వెంట అమ్మే మునెమ్మ కూడా ఆ వీధిలోనే ఉండేది, గురుబరపల్లి నుంచి కోడలుగా వచ్చిన మనిషి. ఆమెను కూడా ఆ గేటు ముందు అరవొద్దన్నాను. కూరగాయలు నేనే మార్కెట్లో గట్టిగా బేరమాడి, ఏరి, కడిగించి, గుడ్డసంచిలో పెట్టి ఆ ఇంటికి పంపేదాన్ని. అంత తక్కువ ధరకు అంత మంచి వంకాయ హోసూరులో ఇంకే ఇంటికీ పోలేదు. ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయేదాన్ని కూడా.

నాలుగు నెలలు ఒక్క కంప్లైంట్ లేదు.

నోట్‌బుక్

అయిదో నెలలో ఇంగ్రిడ్ నన్ను కాఫీకి పిలిచింది. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఎదురెదురు ఊళ్ళ నుంచి బయల్దేరి మధ్యలో కలుసుకునేవి.

"సరోజా, నేను ఈ నెలాఖరుకు వెళ్ళిపోతున్నాను" అంది.

"ఏం, గీజర్ మళ్ళీ పాడైందా?"

ఆమె ఒక చిన్న నోట్‌బుక్ నా ముందు పెట్టింది. ఆ వారంలో తనతో మాట్లాడిన మనుషుల పేర్లు, వాళ్ళు అన్న మాటలు రాసుకుంది. వాచ్‌మన్: సెల్యూట్. పాలు పోసే ఆయన: గుడ్ మార్నింగ్. సరోజ: ఎవ్రీథింగ్ ఆల్‌రైట్? అంతే. మరుసటి వారం పేజీ కూడా అదే. ఒకచోట మాత్రం 'బల్లి' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

"కిటికీలోంచి చూస్తుంటాను. అందరూ అందరి ఇళ్ళకూ పోతారు. నా గేటు ముందుకు రాగానే రోడ్డు అవతలికి దాటుకుని నడుస్తారు. నేనేం తప్పు చేశానో నాకు తెలియదు" అంది.

తప్పు చేసినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఆమె బిస్కెట్లు తింటున్నారు. "చలికాలం కదా, జనం తక్కువ తిరుగుతారు" అన్నాను. అప్పుడు ఏప్రిల్.

ఆమె పోతే యూర్గెన్ నిలవడు. సగం బిగించిన యంత్రం అలాగే ఉండిపోతుంది. అనంతయ్య సార్‌కు చెబితే ఆయన ముఖం సున్నం కొట్టిన గోడ అయింది. "ఆమెకు స్నేహితులను ఏర్పాటు చేయండి, శుక్రవారం లోపల" అన్నారు.

మెమో మీద వచ్చిన స్నేహితులు

నవ్వకండి, నిజంగానే మెమో వేశాం. సూపర్‌వైజర్ల భార్యలు పదకొండు మంది పట్టుచీరలు కట్టుకుని శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వచ్చారు. గోడ పొడుగునా వరసగా కూర్చున్నారు, కంటి ఆసుపత్రిలో మాదిరి. అందరూ ఒక్కొక్క బిస్కెట్ తీసుకున్నారు. ఇంగ్రిడ్ నవ్వింది. వాళ్ళూ నవ్వారు. ఫ్యాను కిందే మాటలు పుడతాయేమోనని నేను ఫ్యాను ఇంకొంచెం పెంచాను. చివరికి వాళ్ళలో ఒకామె ధైర్యం చేసి నా చెవిలో, "అక్కా, ఇంకా ఎంతసేపు కూర్చోవాల? మావారు నాలుగున్నర దాకా అన్నారు" అంది. నాలుగున్నరకు అందరూ ఒక్కసారే లేచారు. నోట్‌బుక్‌లో ఆ సాయంత్రానికి ఏం రాసుకుందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత బెంగళూరులో విదేశీ ఆడవాళ్ళు కలుసుకునే క్లబ్బుకు తీసుకుపోయాను. అక్కడ మాటలకు కొదవ లేదు. అన్నీ పనివాళ్ళు ఎలా దొంగిలిస్తారన్న మాటలే. తిరిగి వచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక గంటసేపు ఆగిపోయాం. ఆ గంటే తనకు క్లబ్బు కన్నా నచ్చిందని ఇంగ్రిడ్ అంది. ఒక పల్లీలమ్మే ఆయన తనను చూసి కారు అద్దం మీద తట్టాడు కదా అంది.

టికెట్ కొన్నారు. ఇంకా తొమ్మిది రోజులు.

పోచంపల్లి సంత

పోయేలోపల ఏదైనా చూడాలనుందని ఇంగ్రిడ్ అడిగితే, పోచంపల్లి సంతకు తీసుకుపోతానన్నాను. చీరల పోచంపల్లి కాదు, మా కృష్ణగిరి అవతలిది. నిజం చెప్పాలంటే నాకు ఏడాదికి సరిపడా చింతపండు కావాలి, కంపెనీ కారు ఖాళీగా ఉంది.

పొద్దున్నే చేరాం. ఆమెను ఒకచోట నిలబెట్టి, "ఏదీ కొనొద్దు, నేను వస్తాను" అని చెప్పి చింతపండు దగ్గరకు పోయాను. బేరం మంచి పాకంలో ఉండగా వెనక కేకలు. చూస్తే జనం గుమిగూడారు, మధ్యలో ఇంగ్రిడ్ తల పైకి కనబడుతోంది.

జరిగిందేమిటంటే, ఒక పెద్దావిడ అప్పుడే గోనెపట్టా పరిచి వంకాయలు పోసుకుంది. ఇంగ్రిడ్ వంగి, వేలితో చూపించి, ఎంత అని చేత్తో అడిగింది. ఆవిడ చెప్పింది. ఇంగ్రిడ్ బాగున్నాయన్నట్టు నవ్వి, తల ఊపి, ముందుకు నడిచింది. పొద్దున్నే మొదటి గిరాకీ ధర అడిగి కొనకుండా పోతే ఆ రోజు బోణీ చెడినట్టే అని ఆమెకెవరు చెప్పారు? చెప్పవలసినది నేను. నేను చింతపండులో గింజలు ఏరుతున్నాను.

"ఏయ్ పొడుగమ్మా, నిలు! బోణీ వేళకు వచ్చి ధర అడిగి నవ్వి పోతావా? నీ నవ్వుకు నా గంప ఖాళీ అయితుందా?" అని ఆవిడ ఇంగ్రిడ్ దారికి అడ్డంగా నిలబడింది. ఆవిడ ఎత్తు ఇంగ్రిడ్ మోచేతి దాకానే.

తాళ్ళు అమ్మే ఒకాయన, "పోనీలే పెద్దమ్మా, తెల్లమనిషి, ఆమెకేం తెలుసు?" అన్నాడు.

"తెల్లగుంటే? సున్నం గూడా తెల్లగానే ఉంటుంది, ఆకులో జాస్తి పూస్తే నోరు కాలదా?"

నేను పరిగెత్తుకుంటూ పోయి సంచి తెరిచాను. "పెద్దమ్మా, నేను కొంటాను రెండు కేజీలు, బోణీ అయిపోయినట్టే, వదిలిపెట్టు."

"నువ్వెవరమ్మా నడిమిట్ల? అడిగింది ఆమె. బోణీ ఆమె చేతిదే కావాల."

ఇంగ్రిడ్ నన్ను అడిగింది: "ఏమంటోంది?"

"మా ఊరికి స్వాగతం అంటోంది."

"అబద్ధం చెప్పకు సరోజా. అది స్వాగతం కాదు. నాలుగు నెలల తర్వాత ఒక మనిషి నాతో మాట్లాడుతోంది. నువ్వు అడ్డం రాకు."

అని, ఆవిడ వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని జర్మన్‌లో అందుకుంది. అబ్బా, ఏం ధార! నాలుగు నెలల మాటలు కదా, మడవ తీసిన కాలువ మాదిరి వచ్చేశాయి. అందులో మొదట వంకాయల గురించి, తర్వాత గీజర్ గురించి, ఎక్కువభాగం నా గురించి చెప్పానని ఆమే తర్వాత ఒప్పుకుంది. పెద్దావిడ చెంపకు చెయ్యి ఆనించుకుని, "ఊఁ... అట్లనా... ఊఁ" అంటూ వింది. ఆమె ఊపిరి తీసుకోగానే తను అందుకుంది. తాళ్ళాయన మధ్యలో నిలబడి జనానికి అర్థం చెప్పడం మొదలుపెట్టాడు: "ఏం లేదప్పా, వాళ్ళ ఊర్లో వంకాయ ఇంతకన్నా లావంట." జనం రెండు పక్షాలైపోయారు. దొరసాని పక్షమే పెద్దది.

అరగంటకు ఇద్దరికీ గొంతు ఆరిపోయింది. పెద్దావిడ గోనెపట్టా మీద కొంచెం జరిగి, "కూర్చో, నిలబడి నిలబడి ఇంకా పొడుగవుతావు" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తన చెంబులో మజ్జిగ ఇచ్చింది. ఇంగ్రిడ్ గుటగుట తాగింది. కాచిన నీళ్ళు తప్ప ముట్టకుండా నాలుగు నెలలు నేను కాపాడుకొచ్చిన మనిషి! ఆపైన మూడు కేజీల వంకాయలు కొంది. ఆ ధర విన్నప్పుడు నా రెండు చెవులూ వేడెక్కాయి. మా నాన్న ఉండి ఉంటే అక్కడే కూలబడేవాడు. డబ్బు తీసుకుని, కళ్ళకద్దుకుని, పెద్దావిడ ఇంకో రెండు కాయలు సంచిలో పడేసింది.

కారులో ఇంగ్రిడ్ ఆ రెండు కాయలూ వేరుగా ఒళ్ళో పెట్టుకుంది. "ఇవెందుకు ఇచ్చింది?"

"కొసరు. లెక్కలో లేనివి."

"అంటే ఇప్పుడు నా మీద కోపం లేదా?"

"ఉంటుంది."

"మరి?"

"కోపం బేరానికి. కొసరు మనిషికి" అన్నాను. చిన్నప్పటి నుంచి రోజూ చూసిందే, కానీ ఎవరూ అడగక ఎప్పుడూ పైకి అనలేదు. అన్న తర్వాత కృష్ణగిరి దాటేదాకా నేనే ఆలోచనలో పడ్డాను. ఆమెకు వంకాయలు తక్కువ ధరకు పంపాననుకున్నాను. నిజానికి గలాటా, మజ్జిగ, కొసరు అన్నీ మధ్యలో నేనే తినేసి, ఉత్త వంకాయలు పంపాను.

హోసూరు వచ్చేటప్పుడు ఆమె అడిగింది: "వచ్చే వారం కూడా సంత ఉంటుందా?" టికెట్ ఒక వారం వాయిదా వేయించింది. ఒక్క వారం మాత్రమే.

తలకిందుల బేరం

వారం వారం పోచంపల్లికి కంపెనీ కారు ఇవ్వరు. గలాటా వీధిలోనే పుట్టించాలి. ఆ సాయంత్రమే మునెమ్మ ఇంటికి పోయాను.

"మునెమ్మా, రేపట్నించి దొరసానమ్మ గేటు ముందర ఆగు. ఆమె ధర అడిగితే జాస్తి చెప్పు."

మునెమ్మ గంప దించింది. "ఎంత జాస్తి?"

"రెండింతలు."

"ఏంటికి?"

"ఊరికే."

"ఊరికే యాడైనా ధర పెరుగుతాదామ్మా? నువ్వు బెండకాయ కొసలు విరిచి విరిచి చూసి సగం ధరకు అడిగే మనిషివి. ఈ పొద్దు ఒంట్లో బాగలేదా?"

"బాగుంది. నువ్వు రెండింతలు చెప్పు, ఆమె గలాటా చేస్తుంది, నువ్వూ చెయ్యి."

"వద్దమ్మా, పాపం. దేశం వదిలి వచ్చిన బిడ్డ. ఒకటిన్నర చెప్తాను."

"ఒకటిన్నరకు ఆమెకు కోపం రాదు. రెండు."

"ఒకటీముక్కాలు. ఆపైన నా నోరు రాదు."

"సరే, ఒకటీముక్కాలు. మరి తిట్టాల."

"తిట్లు కొసరు వేస్తాలే, పో" అంది మునెమ్మ. నా జన్మలో ధర పెంచమని బతిమాలింది అదొక్కసారే. అందులోనూ అడిగినంత రాలేదు.

మరుసటి రోజు పొద్దున నేను ఎదురింటి నీళ్ళ తొట్టి వెనక దాక్కున్నాను. మునెమ్మ గేటు ముందు ఆగి అరిచింది. ఇంగ్రిడ్ మెట్లు దిగి పరుగున వచ్చింది. ధర విని, సంతలో పెద్దావిడ చేసినట్టే చెంపకు చెయ్యి ఆనించుకుంది. మునెమ్మ అందుకుంది, ఇంగ్రిడ్ అందుకుంది. అంతలో మన ఎల్లప్ప, నా పాత ఉత్తరువు మీద, కట్టె ఎత్తుకుని "ఏయ్, పో, పో" అంటూ వచ్చాడు. అతనికి ఆ పూట మారిన ఉత్తరువు చెప్పడం మరిచిపోయాను.

"నీకేం పని ఈడ? మాట్లాడతా ఉంటే కనబడలేదా?" అని మునెమ్మ. అదే గొంతుతో జర్మన్‌లో ఇంగ్రిడ్. ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. ఎల్లప్ప కట్టె అక్కడే వదిలేసి వెనక్కి నడిచాడు. ఇంగ్రిడ్ ఆ కట్టె తీసి మునెమ్మకు ఇచ్చింది. మునెమ్మ దాన్ని కుక్కల కోసం చాలా ఏళ్ళు వాడింది.

ఆ కేకలకు తలుపులన్నీ తెరుచుకున్నాయి. నాలుగు నెలలు ఆపిపెట్టిన ప్రశ్నలు ఒక్కసారిగా బయటపడ్డాయి. పిల్లలు లేరా? ఏంటికి లేరు? ఎన్ని చెప్పులున్నాయి? మొగుడు ఇంటికొచ్చి ఏం తింటాడు? పదింటికల్లా ఆమె వంటింట్లో ఏడుగురు ఉన్నారు. ఒకామె సూప్ మూత తీసి చూసి, ఉప్పు చాలలేదని చెప్పింది.

టికెట్ రద్దయింది.

అనంతయ్య సార్ పిలిచి, "మంచి పని చేశారు. ఇప్పుడు కంప్లైంట్లేమీ లేవు కదా?" అన్నారు.

"వారానికి ఆరు వస్తున్నాయి సార్, వీధి నుంచి. దొరసానమ్మ కుళాయి దగ్గర వరస తప్పుతోందట."

ఆయన, సూత్రం మార్చుకోవలసి వస్తుందేమో అన్నారు.

మిగిలిన మాట

పిల్లలూ, మీకు చెప్పేదిదే. వచ్చినవాళ్ళకు ఇల్లు మీరు ఇవ్వగలరు, ఊరు మీరు ఇవ్వలేరు. ఊరు ఊరివాళ్ళే ఇస్తారు, అదీ మీరు పక్కకు జరిగితేనే. తర్వాత వచ్చిన కుటుంబాలకు నేను గీజర్ బాగుందా చూసి, వీధిలో మాట్లాడేవాళ్ళు ఎవరో కనుక్కుని, తాళం చెవి ఇచ్చి వచ్చేసేదాన్ని. వాళ్ళు మోసపోతే పోనిచ్చేదాన్ని.

యూర్గెన్ యంత్రం పని ముగిసినా, ఇంగ్రిడ్ ఇంకో ఏడాది పొడిగించుకోమని పట్టుబట్టింది. అతను నా ఆఫీసుకు వచ్చి, "ఏం చేశావు నా భార్యను?" అని దిగులుగా అడిగాడు. ఒకటీముక్కాలు సంగతి ఎప్పటికైనా ఒప్పుకోవాలి కదా అని ఒకనాడు ఇంగ్రిడ్‌కు చెప్పేశాను. "తెలుసు, రెండో రోజే మునెమ్మ చెప్పింది" అంది. ఏ భాషలో చెప్పిందని అడిగితే ఆమెకే గుర్తు లేదు.

ఆ రెండో ఏడాదిలో ఒక పొద్దున నేను ఆ వీధిలో మునెమ్మ గంప దగ్గర కూర్చుని టమాటాలు బేరమాడాను. నొక్కి చూసి, లేచి, మళ్ళీ కూర్చుని, మంచి ధరకే పట్టాననుకుని సంచిలో వేసుకున్నాను. ఇంగ్రిడ్ గేటు తీసుకుని వచ్చింది. పలకరింపు కూడా లేకుండా నా సంచిలోకి తొంగిచూసింది.

"ఎంతకు ఇచ్చింది?" మన తెలుగులోనే అడిగింది.

చెప్పాను. ఆమె నావైపు చూసింది, మునెమ్మ వైపు చూసింది. మునెమ్మ తల వంచుకుని కరివేపాకు సర్దుకోసాగింది.

"అయ్యో సరోజమ్మా, అంత జాస్తికా! ఇంకోసారి వచ్చేటప్పుడు నన్ను పిలుచుకోని రా" అంది ఇంగ్రిడ్. టమాటాలన్నీ మళ్ళీ గంపలో కుమ్మరించి, ఖాళీ సంచి నా చేతికిచ్చి, చీర చెంగు లేకపోయినా నడుముకు దోపుకున్నట్టు చేసి మునెమ్మ ముందు చతికిలబడింది.

ఆ పూట నాకు మిగిలిన పని సంచి పట్టుకోవడమే.